గంటకి ఎన్ని జీబీ?

అనకాపల్లిలో పెళ్ళి వీడియో బేరం కుదిరి అడ్వాన్సు చేతులు మారాక ఈమధ్య తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "4కేలో తీస్తే మొత్తం ఎన్ని జీబీలవుద్ది మేస్టారూ? ఎంత పెన్‌డ్రైవ్ తెమ్మంటారు?" స్టూడియో ఆయన అనుభవం మీద ఏదో ఒక అంకె చెబుతాడు. గంటకి ఇరవై వేసుకోమంటాడు ఒకాయన, నలభై దాటుతుందంటాడు ఇంకొకాయన. పెళ్ళివారు ఇద్దరిలో ఒకరికి తెలీదనుకుంటారు. నిజానికి ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు.

పేరున్న లెక్కలే నాలుగు తీసుకుందాం. 4కే సినిమా చూస్తే గంటకి గరిష్ఠంగా 7 జీబీ డేటా ఖర్చవుతుందని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్ తెరిస్తే, సెకనుకి 30 ఫ్రేముల 4కే వీడియో హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో నిమిషానికి 170 ఎంబీ అని రాసి ఉంటుంది, అంటే గంటకి 10.2 జీబీ. అదే 4కేని ఎక్కించేటప్పుడు 35 నుంచి 45 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) మధ్య ఉంచమని యూట్యూబ్ సలహా. గంటకి 16 నుంచి 20 జీబీ అన్నమాట. ఇక పెళ్ళిళ్ళలో ఎక్కువగా కనిపించే సోనీ కెమెరాల్లో ఎక్స్‌ఏవీసీ ఎస్ పద్ధతిలో 100 ఎంబీపీఎస్ పెట్టి తీస్తే గంటకి 45 జీబీ. నాలుగు చోట్లా బొమ్మ అడ్డం 3840 చుక్కలు, నిలువు 2160 చుక్కలే. సైజు మాత్రం 7 దగ్గర మొదలై 45 దాకా పోయింది. ఆరింతలకి పైమాటే.

కనుక 4కే అయితే ఇంత, ఫుల్ హెచ్‌డీ అయితే ఇంత అంటూ పట్టికలు వేసి చెప్పేవాళ్ళని నేను నమ్మను. రిజల్యూషన్ బొమ్మ ఎంత పెద్దదో చెబుతుంది, ఫైలు ఎంత పెద్దదో చెప్పదు. ఫైలు సైజుని తేల్చేవి రెండే రెండు: వీడియో ఎంతసేపు ఉంది, సెకనుకి ఎన్ని బిట్లు ఖర్చు పెట్టారు. ఈ రెండో అంకె పేరే బిట్‌రేట్. సైజు గురించిన తగాదాలన్నీ, తీరా చూస్తే, ఆ బిట్‌రేట్‌ని ఎవరు నిర్ణయించారన్న దగ్గరికే వచ్చి ఆగుతాయి.

లెక్క మటుకు ఎనిమిదో తరగతి పిల్లలు చేసేదే. బిట్‌రేట్‌ని సెకన్లతో గుణిస్తే మొత్తం బిట్లు, దాన్ని 8తో భాగిస్తే బైట్లు. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు నడిస్తే 3600 మెగాబిట్లు, అంటే 450 మెగాబైట్లు. ఈ 450 ఒక్కటి గుర్తుంటే చాలు. నోటిలెక్కకి ఇంకా తేలికైన దారి ఉంది: బిట్‌రేట్‌లో సగం తీసుకుని, ఆ సగంలోంచి పదో వంతు తగ్గిస్తే గంటకి ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 100కి సగం 50, అందులో పదో వంతు 5 పోతే 45. ఎనిమిదికి సగం నాలుగు, 0.4 పోతే 3.6. కాలిక్యులేటర్ తీసేలోపు జవాబు చెప్పెయ్యొచ్చు.

ఆడియోని కూడా ఇందులోనే కలుపుకోవాలి. ఏఏసీ అయితే 128 నుంచి 320 కేబీపీఎస్ ఉంటుంది, గంటకి 58 నుంచి 144 ఎంబీ, పెద్ద లెక్కలోది కాదు. కుదించని పీసీఎమ్ ఆడియో అయితే స్టీరియోకి 1.536 ఎంబీపీఎస్, గంటకి 691 ఎంబీ. 4కే వీడియో పక్కన ఇదీ చిన్నదే. కానీ డీవీడీ రోజుల్లో ఇది కొంపలు ముంచేది, ఆ సంగతి వస్తుంది. ఫైలు పైన ఉండే తొడుగు, అంటే ఎంపీ4 లాంటివి, తినే చోటు ఒక శాతం కూడా ఉండదు కాబట్టి వదిలేద్దాం.

ఇంత సులువైన లెక్క తప్పేది ఎక్కువగా ప్రమాణాల దగ్గర. బిట్‌రేట్ బిట్లలో, ఫైలు బైట్లలో, మెమరీ కార్డు వేగం మళ్ళీ బైట్లలో ఉంటాయి. కార్డు మీద 10 అంకె వేసి చుట్టూ వృత్తం ఉంటే సెకనుకి కనీసం 10 మెగాబైట్లు రాయగలదని హామీ, అంటే 80 మెగాబిట్లు. 100 ఎంబీపీఎస్‌తో తీసే కెమెరాకి ఆ హామీ చాలదు. పది ఎక్కడ, వంద ఎక్కడ అనిపిస్తుంది గానీ, రెండూ వేరువేరు కొలతల్లో ఉన్నాయన్నది గుర్తొస్తే ఇరవై మెగాబిట్ల లోటు కనిపిస్తుంది. వీ30 అని రాసి ఉన్న కార్డు 30 మెగాబైట్లకి, అంటే 240 మెగాబిట్లకి పూచీ పడుతుంది. పాత కార్డు కొత్త కెమెరాలో పెట్టి, మధ్యలో రికార్డింగ్ ఆగిపోతే కెమెరాని తిట్టుకునేవాళ్ళు ఈ చిన్న అంకెలు ఒకసారి చదివితే మంచిది.

రెండో మెలిక జీబీ. డిస్కులు తయారుచేసేవాళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటారు. విండోస్ మాత్రం 1024ని మూడుసార్లు గుణించి వచ్చిన 107 కోట్ల పైచిలుకుని జీబీ అని చూపిస్తుంది. అందుకే కొత్తగా కొన్న 1 టీబీ డిస్కు 931 జీబీగా, 32 జీబీ కార్డు 29.8గా కనిపిస్తాయి. దుకాణం ఆయన మోసం చేయలేదు. ఈ పెద్ద ప్రమాణానికి గిబిబైట్ అనే వేరే పేరు 1998లోనే పెట్టారు గానీ, బజారులో ఆ పేరు ఎవరి నోటా వినపడదు. యాపిల్ కంప్యూటర్లు 2009 నుంచి వంద కోట్ల లెక్కకే మారాయి. ఒకే ఫైలు ఒక కంప్యూటర్లో 45, పక్కదానిలో 41.9 అని కనిపిస్తే దానిలోంచి ఏమీ పోలేదని అర్థం. జీబీ దగ్గర ఈ తేడా 7 శాతం పైన, టీబీ దగ్గర దాదాపు 10 శాతం. హార్డ్‌డిస్కులు కొనేటప్పుడు పది శాతం చిన్నమాట కాదు.

ఇక అసలు విషయం, బిట్‌రేట్‌ని ఎవరు నిర్ణయిస్తారన్నది. మొదటి కాలంలో యంత్రమే నిర్ణయించేది, మనిషికి పని లేదు. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో, మినీడీవీ టేపు మీద, వీడియోకి సెకనుకి 25 మెగాబిట్లు ఖాయం. ఆడియో, ఇతర సమాచారం కలిసి దాదాపు 28.8. కెమెరా ముందు నూకాంబిక అమ్మవారి జాతర జనం ఉన్నా, ఖాళీ గోడ ఉన్నా అంతే. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే 13 జీబీ, రెండు గంటలకి 26. వీడియో మిక్సింగ్ యూనిట్లు నడిపిన తరానికి గంటకి పదమూడు అన్నది నోటికి వచ్చిన ఎక్కం. నా దృష్టిలో, సైజు అంచనా అన్నది ఒక సమస్యే కాని కాలం ఏదైనా ఉంటే అదే. రిజల్యూషన్ని బట్టి సైజు చెప్పడం అనే అలవాటు కూడా అప్పుడే పుట్టి ఉంటుందని నా అనుమానం. అప్పట్లో ఒక రిజల్యూషన్‌కి ఒకటే బిట్‌రేట్ కనుక తప్పు బయటపడేది కాదు.

ఇప్పటి కెమెరాల్లోనూ ఆ పోలిక కొంత మిగిలే ఉంది. 50 అనో 100 అనో మెనూలో ఎంచుకుంటాం, కెమెరా దాదాపుగా ఆ అంకెకే కట్టుబడుతుంది. కాబట్టి తీసేటప్పటి అంచనా ఇప్పటికీ కూడికలు గుణకారాల పనే. రెండు కెమెరాలు, ఒక్కొక్కటి ఐదు గంటలు, 50 ఎంబీపీఎస్ అంటే గంటకి 22.5 చొప్పున మొత్తం 225 జీబీ. 100కి మారిస్తే 450. ఇంకో డిస్కులో కాపీ ఉంచుకునే జాగ్రత్తపరులకి 900. 128 జీబీ కార్డు 100 ఎంబీపీఎస్ దగ్గర రెండు గంటల యాభై నిమిషాలు వస్తుంది. మా వైపు ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే. సాయంత్రం ఎదురుకోలు దగ్గర మొదలెట్టిన కార్డు జీలకర్ర బెల్లం వేళకి నిండిపోతుందా లేదా అన్నది ముందే తెలిసిపోయే విషయం, ఆ వేళకి బ్యాగులో వెతుక్కోవలసింది కాదు.

రెండో కాలంలో పెత్తనం పాత్రది. ఎంత పట్టే దానిలో పెట్టి ఇవ్వాలో ముందే ఖాయమైపోయి, దానికి సరిపడేట్టు బిట్‌రేట్‌ని కుదించాల్సి వచ్చింది. వీసీడీలో వీడియోకి 1150, ఆడియోకి 224 కేబీపీఎస్ అని ప్రమాణమే రాసిపెట్టింది. 74 నిమిషాల సీడీలో 74 నిమిషాల వీడియో. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ బిట్‌రేట్‌తో లెక్కేస్తే 760 ఎంబీ దాటుతుంది. సీడీ మీద రాసి ఉండేది 650. మరి ఎలా పట్టింది? మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్లే డేటాకి, మిగతా చోట్లో ఎక్కువ భాగం గీతలు పడ్డా చదవగలిగేందుకు పెట్టుకున్న అదనపు కాపలా. వీసీడీలో వీడియో ఉండే సెక్టార్లకి ఆ కాపలా తగ్గించి 2324 బైట్లు వాడుకున్నారు. సినిమాలో ఒక బిట్టు పోతే ఒక చుక్క చెదురుతుంది, అంతేగా అని. రెండున్నర గంటల తెలుగు సినిమా 74 నిమిషాల సీడీలు రెండింటిలో పట్టక రెండు నిమిషాలు మిగిలిపోయేది. 80 నిమిషాల సీడీలు వచ్చాక రెండింటిలో ఇమిడింది.

డీవీడీతో లెక్క తిరగబడింది. 4.7 జీబీ అన్నది ఖాయం, నిడివి పెళ్ళివారి చేతిలో, మిగిలిన బిట్‌రేట్ మనం తేల్చుకోవాలి. ఇక్కడ గుణకారం బదులు భాగహారం. రెండు గంటలు పెట్టాలంటే 5.2 ఎంబీపీఎస్, మూడు గంటలకి 3.48. ఇందాక చెప్పిన పీసీఎమ్ ఆడియో కొంప ముంచేది ఇక్కడే. 3.48లో ఆడియో ఒక్కటే 1.54 పట్టుకుపోతే వీడియోకి రెండు కూడా మిగలదు; ఎంపెగ్-2కి అది అర్ధాకలి, పట్టుచీర జరీ అంతా గడులు గడులుగా విరిగిపోతుంది. అదే ఆడియోని డాల్బీలో 192 కేబీపీఎస్‌కి కుదిస్తే వీడియోకి 3.29 దక్కుతుంది. ఒక్క సెట్టింగు మారిస్తే బొమ్మకి దొరికే బిట్లు దాదాపు 70 శాతం పెరిగాయి. అలాగని గంట వీడియోకి డీవీడీ మొత్తం ధారపోయడం కూడా కుదరదు, భాగహారం 10.4 అంటుంది, డీవీడీ వీడియోకి పైకప్పు 9.8 ఎంబీపీఎస్.

ఈ భాగహారం డీవీడీతో పోలేదు, వాట్సాప్‌లోకి వచ్చింది. వీడియోకి 16 ఎంబీ పరిమితి రాజ్యమేలిన ఏళ్ళలో మూడు నిమిషాల పెళ్ళి టీజర్ పంపాలంటే 0.71 ఎంబీపీఎస్‌కి దిగాలి, అదీ ఆడియోతో కలిపి. వీసీడీకి సగం. దాన్ని చూసి "క్లారిటీ లేదేటి" అని స్టూడియోకి ఫోన్లు చేసినవాళ్ళు ఎందరో. 2022 నుంచి డాక్యుమెంటుగా పంపితే 2 జీబీ దాకా వెళ్తుంది, ఆ దారి తెలిసినవాళ్ళకి ఈ బాధ తీరింది.

పెన్‌డ్రైవ్‌లోనూ ఒక చాటు పరిమితి ఉంది. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే, 64 జీబీ ఖాళీగా ఉన్నా సరే, ఒక్క ఫైలు 429 కోట్ల బైట్లు దాటడానికి వీల్లేదు. 8 ఎంబీపీఎస్ వీడియోకి అది 71 నిమిషాలు. మూడు గంటల పెళ్ళి వీడియో 11 జీబీ అవుతుందని సరిగ్గా లెక్కేసి, అంతకి ఆరింతల పెన్‌డ్రైవ్ కొని, కాపీ చేయబోతే ఫైలు పెద్దదని తిరగ్గొడుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి మారిస్తే సరిపోతుంది గానీ కొన్ని పాత టీవీలు దాన్ని గుర్తించవు. మూడు భాగాలుగా ఇవ్వడమే క్షేమం. ఊళ్ళో చాలామంది అలాగే ఇస్తున్నారు, కారణం అడిగితే "టీవీ తీసుకోదండీ" అంటారు. ఆ మాటా నిజమే.

మూడో కాలం, ఇప్పుడు నడుస్తున్నది, చిక్కుల మయం. ఇందులో బిట్‌రేట్‌ని బొమ్మే నిర్ణయిస్తుంది.

ఎందుకో అర్థం కావాలంటే కుదింపు ఏం చేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. ఫుల్ హెచ్‌డీ వీడియోని ఏమాత్రం కుదించకుండా దాస్తే, చుక్కకి 24 బిట్లు, సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం సెకనుకి 124 కోట్ల బిట్లు. గంటకి 560 జీబీ. దాన్ని 8 ఎంబీపీఎస్‌కి తెచ్చి 3.6 జీబీలో పెడుతున్నామంటే 155 పాళ్ళలో ఒక పాలు మిగుల్చుకున్నట్టు. ఇది సాధ్యమయ్యేది ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ పెద్ద తేడా ఉండదన్న ధీమాతో. కుదింపు చేసే ఎన్‌కోడర్ ఒక ఫ్రేముని పూర్తిగా రాసి, తర్వాతివాటిలో ఏ ముక్క ఎటు జరిగిందో మాత్రమే రాసుకుంటుంది. పురోహితుడు పీట మీద కూర్చుని మంత్రాలు చదువుతున్నారు, కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది. పెదవులూ చెయ్యీ తప్ప జరిగేదేమీ లేదు. ఆ అరగంటకి 2 ఎంబీపీఎస్ ఇచ్చినా బొమ్మ నిక్షేపంలా ఉంటుంది.

ఇప్పుడు తలంబ్రాలు రానివ్వండి. పసుపు రాసిన బియ్యం దోసిళ్ళకొద్దీ గాలిలోకి లేస్తుంది. ఏ గింజా రెండు ఫ్రేముల్లో ఒకే చోట ఉండదు, ఒకే దిక్కుకి పోదు. క్రితం ఫ్రేములోంచి అరువు తెచ్చుకోవడానికి ఏమీ దొరకదు. ఇప్పుడు థర్మాకోల్ పూసలూ రంగు కాగితాల మెరుపులూ కూడా కలుపుతున్నారు, గింజకో రంగు, తిరిగినప్పుడల్లా ఒక తళుకు. దీనికి తోడు పక్కన ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టినప్పుడల్లా ఫ్రేము మొత్తం తెల్లబడి, మరుక్షణం మామూలవుతుంది. ఎన్‌కోడర్ దృష్టిలో అవి రెండు వేరు వేరు ప్రపంచాలు. వెనక సీరియల్ లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. హోమం పొగ నెమ్మదిగా పారాడుతుంది, అంచులు లేని పొగని ముక్కలుగా పట్టుకోవడం ఇంకా కష్టం. మసక వెలుతురులో ఐఎస్‌ఓ పెంచితే వచ్చే ఇసకలాంటి చుక్కలు ఫ్రేము ఫ్రేముకీ మారిపోతూ, చూసేవాడికి పనికిరాకపోయినా బిట్లని మింగేస్తాయి. మంత్రాల దగ్గర 2 సరిపోయిన వీడియోకి ఇక్కడ 20 ఇచ్చినా చాలదు. పెళ్ళి మొత్తానికి ఒకే బిట్‌రేట్ పెడితే, చదువుతున్న పంతులుగారి దగ్గర వృథా, ఆల్బమ్‌కి ఎక్కవలసిన ఆ రెండు నిమిషాల దగ్గర లోటు.

అందుకని వచ్చినదే నాణ్యతని పట్టి ఎన్‌కోడ్ చేయడం. హ్యాండ్‌బ్రేక్ లాంటి వీడియో కుదించే సాఫ్ట్‌వేర్లలో సీఆర్‌ఎఫ్ అనో ఆర్‌ఎఫ్ అనో ఒక అంకె ఇస్తాం. ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో అది 0 నుంచి 51 దాకా, మామూలుగా 23 దగ్గర ఉంటుంది. అంకె ఆరు తగ్గిస్తే సైజు దాదాపు రెట్టింపు, ఆరు పెంచితే దాదాపు సగం. బొమ్మ ఒకే తీరుగా ఉంటుందన్న హామీ దొరుకుతుంది, సైజు ఎంతన్న హామీ మాత్రం పోతుంది. సైజే కావాలనుకుంటే రెండుసార్లు చదివించే టూ-పాస్ పద్ధతి ఉంది: మొదటిసారి ఎక్కడ గొడవ ఎక్కువుందో చూసుకుని, రెండోసారి ఉన్న బిట్లని అక్కడికి మళ్ళిస్తుంది, మొత్తం మనం చెప్పిన సైజు దగ్గరే ఆగుతుంది. ఒకప్పుడు హ్యాండ్‌బ్రేక్‌లో టార్గెట్ సైజు అని ఒక గడి ఉండేది, తర్వాత తీసేశారు. సీడీకి, డీవీడీకి సరిపెట్టాల్సిన రోజులు పోయాక సైజు కోసం నాణ్యతని బలిపెట్టడం ఎందుకన్నది వాళ్ళ వాదన. సగం ఒప్పుకుంటాను. పెన్‌డ్రైవ్ మీదా ఫోన్ డేటా మీదా బతికే ఊళ్ళలో సైజు ఇంకా అడిగే ప్రశ్నే.

బొమ్మని బట్టి బిట్‌రేట్ అంచనా కట్టడానికి సూత్రాలు లేకపోలేదు. హెచ్.264 కోసం కుష్ గేజ్ అనే ఒక సూత్రం చాలాకాలంగా వాడుకలో ఉంది: ఫ్రేములో చుక్కలు, సెకనుకి ఫ్రేములు, 0.07, వీటిని గుణించి, కదలిక తక్కువైతే 1, మధ్యస్థమైతే 2, ఎక్కువైతే 4తో మళ్ళీ గుణించాలి. ఫుల్ హెచ్‌డీ 25 ఫ్రేములకి కట్టి చూస్తే 3.6, 7.3, 14.5 ఎంబీపీఎస్ వస్తాయి. యూట్యూబ్ చెప్పే 8 నడిమిదానికి దగ్గర్లో ఉంది. గమనించవలసింది నాలుగింతల తేడాని సూత్రమే ఒప్పుకోవడం. పైగా ఆ ఒకటా, రెండా, నాలుగా అన్నది చూసి చెప్పవలసింది మనిషే. నెట్‌ఫ్లిక్స్ కూడా మొదట్లో 1080పీకి అన్ని సినిమాలకీ ఒకటే 5.8 ఎంబీపీఎస్ ఇచ్చేది. కార్టూన్ బొమ్మకి అది మరీ ఎక్కువ, ఇసక చుక్కలు పడ్డ ఫిల్ముకి తక్కువ అని తేలి, 2015 చివర్లో ఏ సినిమాకి దాని బిట్‌రేట్ దానికే కొలిచే పద్ధతికి మారింది. అన్ని కంప్యూటర్లున్న సంస్థే సూత్రాన్ని పక్కనపెట్టి కొలుచుకోవడానికి దిగిందంటే, మనం కొలవడానికి సిగ్గుపడక్కర్లేదు. మంత్రాలది ఒక నిమిషం, తలంబ్రాలది ఒక నిమిషం, భోజనాలది ఒక నిమిషం కోసి, కావలసిన సెట్టింగుతో ఎన్‌కోడ్ చేసి, పూర్తి వీడియోలో ఏది ఎంతసేపుందో ఆ వాటా ప్రకారం కలిపితే వచ్చే అంచనా ఏ ఆన్‌లైన్ కాలిక్యులేటర్ కన్నా నమ్మదగింది.

కోడెక్, అంటే వీడియోని కుదించే పద్ధతి, దాని సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2003 నాటి హెచ్.264 కన్నా 2013 నాటి హెచ్‌ఈవీసీకి అదే నాణ్యతకి సుమారు సగం బిట్లు చాలు, 2018లో వచ్చిన ఏవీ1కి ఇంకా తక్కువ. దీనివల్ల లెక్క మారదు, లెక్కలో పెట్టే అంకె మారుతుంది. ఎంబీపీఎస్ అన్నది ఏ కోడెక్‌లోనైనా ఎంబీపీఎస్సే. కోడెక్ మారిస్తే సైజు తగ్గుతుంది అనుకుని బిట్‌రేట్ గడిలో పాత అంకెనే ఉంచేసి, ఫైలు అంతే వచ్చిందేమిటని అడిగేవాళ్ళు ఈ మాటని రెండోసారి చదువుకోవాలి.

దీనికి తల్లకిందులైన అలవాటు ఇంకోటుంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియోని తీసుకొచ్చి, ఎల్‌ఈడీ స్క్రీన్ మీద వేయాలి, "క్లారిటీ పెంచి ఇయ్యండి" అంటారు. బిట్‌రేట్ 20కి పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైలు నిజంగానే ముప్ఫై రెట్లు లావెక్కుతుంది, పోయిన గీత ఒక్కటి తిరిగి రాదు. బెల్లంలో నీళ్ళు పోస్తే పానకం వస్తుంది గానీ చెరుకు రసం రాదని అనకాపల్లి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. సైజు పెద్దదైతే బొమ్మ మంచిదనుకోవడం, రిజల్యూషన్ పెద్దదైతే సైజు పెద్దదనుకోవడం, రెండూ ఒక తల్లి పిల్లలే.

లైవ్‌కి వస్తే ఇదే లెక్క ఫైలు బదులు డేటా ప్యాకుని తింటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య సెలవు దొరక్క లైవ్‌లో చూస్తానన్నాడు. 6 ఎంబీపీఎస్‌తో ఐదు గంటలు పంపితే 13.5 జీబీ. రోజుకి 1.5 జీబీ ఇచ్చే సిమ్ముతో మొదలెడితే సరిగ్గా 33 నిమిషాల 20 సెకన్లకి రోజు కోటా అయిపోతుంది, ఆ తర్వాత వేగం పడిపోయి బొమ్మ బిగుసుకుంటుంది. ముహూర్తం దాకా ఎందుకు, గణపతి పూజ కూడా పూర్తి కాదు. బిట్‌రేట్‌ని 2కి దించితే గంటా నలభై నిమిషాలు. పల్లెటూరి కల్యాణ మండపంలో బ్రాడ్‌బ్యాండ్ లైను లేకపోతే చేయవలసింది బేరం కాదు, భాగహారం. తర్వాత ఎడిట్ చేసిన 20 జీబీ ఫైలుని క్లౌడ్‌లో పెట్టి పంపాలన్నా ఇదే. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ వస్తే నాలుగున్నర గంటలు. ఇంటర్నెట్ కంపెనీ 100 అని చెప్పింది డౌన్‌లోడ్ గురించి కావచ్చు, అప్‌లోడ్ ఎంతో వేరే అడగాలి.

పెళ్ళిళ్ళ సందడిలో పడి మరిచిపోతాం గానీ, ఊళ్ళో రోజుకి అన్నింటికన్నా ఎక్కువ వీడియో తీస్తున్నది స్టూడియోలు కావు, సీసీ కెమెరాలు. బెల్లం మార్కెట్ కొట్లలో, బంగారం దుకాణాల్లో, ఆస్పత్రుల్లో, కాలేజీల్లో అవి రాత్రీ పగలూ తీస్తూనే ఉంటాయి. ఇక్కడ నిడివి గంటల్లో కాదు, రోజుల్లో. జనం గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, ఆ రికార్డింగు 30 రోజులు దాచి ఉంచాలని 2013లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సేఫ్టీ (మెజర్స్) ఎన్‌ఫోర్స్‌మెంట్ చట్టం చెబుతోంది. 4 ఎంబీపీఎస్ మీద నడిచే ఒక కెమెరా రోజుకి 43.2 జీబీ రాస్తుంది. ఎనిమిది కెమెరాలకి 345.6. 2 టీబీ డిస్కు పెట్టిన రికార్డింగు పెట్టెలో, అంటే డీవీఆర్‌లో, ఆరు రోజులు కూడా నిలవదు, పాతది చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది. చట్టం అడిగిన 30 రోజులకి 10.4 టీబీ కావాలి. దొంగతనం జరిగిన పదో రోజున రికార్డింగు కోసం వెతికి, లేదని తెలిసి, కెమెరా పనిచేయలేదనుకుంటారు. కెమెరా బ్రహ్మాండంగా పనిచేసింది.

పోలీస్ స్టేషన్ల సంగతి ఇంకా బరువైనది. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, పరికరాలు అంతకి సరిపోకపోయినా ఏడాదికి మాత్రం తగ్గరాదని ఆదేశించింది. 4 ఎంబీపీఎస్ కెమెరా ఒక్కదానికి ఏడాదికి 15.8 టీబీ, 18 నెలలకి 23.7. పది కెమెరాలున్న స్టేషన్‌కి గుణించుకోండి. బిట్‌రేట్‌ని 1కి దించితే నాలుగో వంతు చాలు, కానీ ఆ బొమ్మలో ఎవరు ఎవర్ని కొట్టారో పోల్చుకోవడానికి వీలవుతుందా అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. దాచే రోజులు నిర్దేశించి నాణ్యత నిర్దేశించకపోతే, డబ్బు ఆదా చేసేవాడు కోసేది బిట్‌రేట్‌నే. టెండరు కాగితాల్లో మెగాపిక్సెళ్ళు కనిపించినంత తేలిగ్గా ఎంబీపీఎస్‌లు కనిపించకపోవడం నాకు అందుకే బాగోలేదు.

మళ్ళీ దుకాణాల దగ్గరికి వస్తే, హెచ్‌ఈవీసీకి మారి 2 ఎంబీపీఎస్ పెడితే అవే ఎనిమిది కెమెరాలకి 30 రోజులు 5.2 టీబీలో వస్తాయి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చెయ్యమంటే ఇంకా తగ్గుతుంది, అయితే ఎంత తగ్గుతుందో కెమెరా ఎదురుగా ఉన్న వీధిని బట్టి. మూసిన కొట్టులో రాత్రి ఏమీ కదలదు అనుకుంటాం. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వెలగగానే దాని చుట్టూ పురుగులు మూగుతాయి, కెమెరా మూతి దగ్గర సాలీడు గూడు కడుతుంది, గాలికి ఆ దారం ఊగితే చాలు కదలిక అని రాసుకుంటుంది. చీకట్లో వచ్చే ఇసక చుక్కలు సరేసరి. పగటి కన్నా రాత్రి ఫైళ్ళే పెద్దవిగా ఉన్న డీవీఆర్‌లు ఉంటాయి. నెలకోసారి గుడ్డతో తుడవడం కూడా డిస్కు ఆదా చేసే పద్ధతే.

దుకాణదారు చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి మెకానిక్కు అక్కర్లేదు. డీవీఆర్ మెనూలో ప్రతి కెమెరాకీ మెయిన్ స్ట్రీమ్ అని ఉన్న చోట బిట్‌రేట్ కేబీపీఎస్‌లో కనిపిస్తుంది. 4096 అని ఉంటే రోజుకి 44.2 జీబీ, 2048 అయితే 22.1. కెమెరాలన్నిటివీ కలిపి, డిస్కు జీబీలని దానితో భాగిస్తే ఎన్ని రోజులో తేలుతుంది. డిస్కు సైజు డీవీఆర్ తెర మీద చూపించినది తీసుకుంటే ఏడు శాతమో పది శాతమో తక్కువ చూపిస్తుంది, దాంతో లెక్కేస్తే తప్పేమీ లేదు. ఆ పక్కనే కాన్‌స్టంట్ అని ఉంటే లెక్క ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వేరియబుల్ అని ఉంటే ఆ అంకె గరిష్ఠం మాత్రమే, కాబట్టి నిజంగా నిలిచే రోజులు లెక్కకన్నా ఎక్కువ ఉంటాయి, తగ్గవు.